మూతలేని గంప

కోవూరులో ఆ వీధి మొదట్లో సిమెంటు ఆర్చీ ఉంది. దానిమీద ఏ పేరు రాసి ఉన్నా, సముద్రపు ఒడ్డున ఉన్న పాలెంలో మాత్రం దాన్ని నాగులమ్మ వీధి అంటారు. ఆ వీధిలో ఆమెకు జానెడు స్థలం లేదు. అరుగు లేదు, గోడ లేదు. అయినా అది ఆమెదే. పాలెం ఆడవాళ్ల కట్టుబాటు అలాంటిది. ఒకామె చేపలమ్మే వీధిలోకి ఇంకొకామె గంపతో అడుగు పెట్టదు. అత్తకు మోకాళ్లు పట్టేసినప్పుడు వీధి కోడలి చేతికి వస్తుంది. నాగులమ్మకూ అలాగే వచ్చింది. అత్త ఒకరోజు ఆమెను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిప్పి, ‘ఇంక నేను రాను, ఇది వస్తాది. నాకన్నా దీని గొంతు పెద్దది’ అని చెప్పి అప్పగించింది. ఆ మాట అక్షరాలా నిజమని ఆ వారంలోనే వీధి మొత్తానికీ తెలిసిపోయింది.

అయితే ఈ కట్టుబాటులో ఒక మెలిక ఉంది. నెల పొడుగునా వీధి తొక్కకపోతే ఆ వీధిని వదిలేసినట్టే లెక్క. జ్వరమొచ్చినా, ఇంట్లో పురుడైనా, చావైనా, మధ్యలో ఒకసారైనా గంపతో వెళ్లి కేక వేసి రావాలి. లేదంటే ఇంకెవరైనా ఆ వీధిలోకి వెళ్లి అమ్ముకోవచ్చు. వాళ్లను పాలెంలో ఎవరూ తప్పుపట్టరు. నాగులమ్మ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ అవకాశం ఎవరికీ ఇవ్వలేదు.

చేపలమ్మే మనిషికి పంచాంగం గోడమీద వేలాడాల్సిన పనిలేదు. అది ఇంటికి తిరిగొచ్చే గంప బరువులో తెలిసిపోతుంది. ఏకాదశినాడు సగం వీధి తినదు. సోమవారం శివుడి వాళ్లు తినరు, శనివారం వెంకన్న వాళ్లు తినరు. శ్రావణంలో శుక్రవారాలు పోతాయి. సంకష్టహర చవితి అని ఈమధ్య కొత్తగా మొదలుపెట్టిన వాళ్లూ ఉన్నారు. ఇవన్నీ పోగా మిగిలిన రోజుల్లో మాత్రం ఆ వీధి బకాయి తీర్చుకున్నట్టు తింటుంది. ఆదివారం పొద్దున ఏ ఇంటి ముందు నిలబడినా పులుసు మరిగే వాసన ముక్కు పట్టుకుని లోపలికి లాగుతుంది.

ఈ తిథులూ వారాలూ నాగులమ్మ వ్యాపారానికి అడ్డమే, కానీ వాటిమీద ఆమెకు కోపం లేదు. ఆమె కూడా కార్తీక సోమవారాలు ఉంటుంది. పొద్దున తలమీద నీళ్లు పోసుకుని, గుక్కెడు మంచినీళ్లు కూడా ముట్టకుండా గంపతో తిరిగి, సాయంత్రం ఆకాశంలో చుక్క కనబడ్డాకే నోట్లో ముద్ద పెడుతుంది. వీధిలో ఉపవాసాల పద్ధతి వేరు. పొద్దున ఇడ్లీ, కాసేపాగి అరటిపండ్లు, మధ్యాహ్నం ఉప్మా, నాలుగింటికి పాలు, అటుకులు. అన్నం మెతుకు తగలకపోతే చాలు, కడుపు ఎంత నిండినా దేవుడు పట్టించుకోడని వాళ్ల ధీమా. నాగులమ్మ అదంతా చూసేది, నవ్వుకునేది, ఎవరినీ ఏమీ అనేది కాదు.

ఇక కార్తీకమాసమంటే దాదాపు వీధంతా చేప మానేసే నెల. ఆ నెలలో ఆమె కొంత సర్దుకునేది, వీధి కొంత సర్దుకునేది. చివరింట్లో ఉండే వెంకటశేషమ్మ గారు నెల్లాళ్లూ ఒంటిపూట భోజనంతో, తెల్లవారుజాము స్నానాలతో కఠినంగా ఉండే మనిషి. పొలాలున్న కుటుంబం, మాట కూడా గట్టిదే. ఆమె వాకిలి దగ్గరికి రాగానే నాగులమ్మ కేక ఆపేసేది. తిరుగుదారిలో అది దాటాక మళ్లీ ఎత్తుకునేది. ఎవరో చెబితే చేసింది కాదు, మర్యాద తెలిసి చేసింది.

ఇట్లా సాగిపోతున్న దానికి కిందటేడు దీపావళి మర్నాడు అడ్డుపుల్ల పడింది.

ఆర్చీ కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని విజయభాస్కర్ కూర్చున్నాడు. సర్కారు ఉద్యోగంలో రిటైరై, వీధి సంఘానికి అధ్యక్షుడైన మనిషి. చెడ్డవాడేమీ కాదు. కాకపోతే ఉద్యోగం అయిపోయాక మిగిలిన అధికారమంతా ఆ వీధి మీదే ఖర్చుపెట్టాలని ఉంటుంది ఆయనకు.

"నాగులమ్మా, ఆగమ్మా. ఒక్క మాట," అన్నాడు మర్యాదగానే.

"చెప్పండి సారూ. కానాగంతలు బాగుండాయి ఈ పూట."

"కానాగంతల సంగతి కాదు. వీధి వాళ్లమంతా కూర్చుని తీర్మానం చేసినాం. కార్తీకం కదా, పోలి పాడ్యమి దాటిందాకా వీధిలోకి చేపల గంప రాకూడదు. చివరింటి పెద్దావిడ నిష్ఠ నీకు తెలియంది కాదు. ఆవిడ వ్రతానికి భంగం రాకూడదు."

"పెద్దమ్మ చెప్పిందా?"

"ఆవిడ చెప్పాలా? మనకు తెలియదా?"

"ఇన్నేళ్లూ ఆమె వ్రతం చేయలేదా సారూ? నేను రాలేదా?"

విజయభాస్కర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నీ నోటికాడ కూడు తియ్యాలని కాదమ్మా. కావాల్సిన వాళ్లు ఫోన్ చేస్తారు. గంపొద్దు, గుడ్డసంచిలో పెట్టుకుని వెనక సందులో గేటు కాడ ఇచ్చిపో. కేక వెయ్యబాక. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

నాగులమ్మ నెత్తిమీది గంపను సర్దుకుంది.

"ఇవి మా ఆయన తెల్లారకముందే సముద్రం మీదికి పోయి పట్టినవి సారూ. ఎవరి పెరట్లోనో ఎత్తుకొచ్చినవి కాదు, సంచిలో దాచి సందులో తెచ్చేదానికి," అని వెనక్కి తిరిగింది. ఆరోజు రైల్వే గేటు దగ్గర కూర్చుని అమ్ముకుంది. షేర్ ఆటోలో పాలేనికి తిరిగొచ్చేటప్పుడు పక్కనున్న వాళ్లు ఏం మాట్లాడుకున్నారో ఆమెకు ఒక్క ముక్క చెవికెక్కలేదు.

ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్న ఆమె మొగుడు నరసయ్య అంతా విని, "ఒక్క నెలే గదా. గమ్మున వదిలెయ్ మే," అన్నాడు.

"నెల వదిలేస్తే వీధి ఉంటాదా మావా? మాలకొండమ్మ అప్పుడే అడుగుతుండాది, ఈ నెల నువ్వు పోవటంలేదంట గదా అని."

మాలకొండమ్మకు అప్పటిదాకా సొంత వీధి లేదు. బస్టాండు దగ్గర ఎండలో కూర్చుని అమ్ముకునేది. వీధి ఖాళీ అయితే ఆమె వెళ్లడంలో తప్పు లేదు. ఆమె కూడా సందులోంచి వెళ్లడానికి ఒప్పుకుంటే, ఇక ఆ వీధిలో ముందు వాకిలి నుంచి చేప వెళ్లడమనేదే ఉండదు. నాగులమ్మ భయమంతా అదే. వచ్చే ఏడు వీధిని కోడలు గంగాభవానికి అప్పగించాలని ఆమె ఎప్పుడో అనుకుంది. మోకాళ్లు ఇక మొరాయిస్తున్నాయి.

గంగాభవాని ఇంటర్ చదివిన పిల్ల, నెమ్మదస్తురాలు, ఫోన్లో ఏ పనైనా చిటికెలో చేసేస్తుంది. "అత్తా, ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది? ఫొటో పెడితే వాళ్లే అడుగుతారు. సంచిలో ఇచ్చేసి బిన్నా వచ్చేయొచ్చు. నెత్తిమీద మోత కూడా ఉండదు," అంది.

"సంచిలో ఏముందని ఎవరన్నా అడిగితే ఏం చెప్తావు?"

"ఏదో ఒకటి. వంకాయలంటా."

"అదే నాకు వద్దు. చేపను చేపని చెప్పుకోలేని కాడ నాకేం పని?"

నాగుల చవితి వచ్చింది. ఆరోజు పాలెంలో కత్తి పట్టరు. చేప కోయరు, కూర తరగరు, పడవ దించరు. ఆడవాళ్లు ఉపవాసముండి పుట్టలో పాలు పోసి వస్తారు. అమ్మడానికి చేప లేని రోజు. నాగులమ్మ పుట్టకు పాలు పోసి, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని ఆటో ఎక్కింది. ఆటోలో ఆడవాళ్లు ఈమెకు పిచ్చి పట్టిందేమోనన్నట్టు చూశారు.

ఆర్చీ కింద విజయభాస్కర్ లేచి నిలబడ్డాడు. "చెప్పినాను గదమ్మా!"

"ఏం చెప్పినారు? చేపల గంప రాకూడదన్నారు. ఇందులో చేపుంటే చూపియ్యండి." గంప దించి బోర్లించి చూపించింది. అందులోంచి ఒక్క పొలుసు కూడా రాలలేదు. ఆయన నోరు తెరిచే లోపల ఆర్చీ దాటేసి, ఇల్లిల్లూ ఆగి, ‘బాగుండారా అమ్మా, పిలకాయలు బాగుండారా’ అని పలకరించుకుంటూ చివరిదాకా వెళ్లి వచ్చింది. ఆడవాళ్లు పుట్ట దగ్గరి నుంచి అప్పుడే తిరిగొస్తున్నారు. పలకరిస్తే పలకకుండా పోవడానికి ఎవరికీ మనసొప్పలేదు.

మర్నాటి నుంచి గంపలో చేపలున్నాయి. అంతకుముందు ఎండకు ఆరకుండా తడి గోనెపట్టా కప్పేది. ఇప్పుడు దాన్ని తీసి ఇంట్లో పడేసింది. మూత పెడితే దాచినట్టు ఉంటుందని ఆమెకు పట్టుదల. ఆరిన చేప అమ్ముడుపోదని తెలిసినా సరే, చేత్తో నీళ్లు చల్లుకుంటూ అలాగే తిరిగింది. విజయభాస్కర్ అడ్డం నిలబడేవాడు. ఆమె నేరుగా ఆయన మీదికే నడిచేది. ఆయన పొద్దున్నే స్నానం చేసి విభూతి పెట్టుకున్న మనిషి. గంప తగిలితే మళ్లీ తలమీద నీళ్లు పోసుకోవాలి. చివరి అడుగులో ఆయనే పక్కకు తప్పుకునేవాడు. అంత పెద్ద తీర్మానమూ ఆయన స్నానం ముందు ఓడిపోయేది.

కానీ వీధి దగ్గర ఇంకో ఆయుధం ఉంది. ఆమె కేక వినబడగానే తలుపులు పడేవి. ఒకటి తర్వాత ఒకటి, ఆమె అడుగులకు ముందుగా. ఇన్నేళ్లూ తమ పిల్లల పెళ్లిళ్లకు పిలిచినవాళ్లు, ఆమె కొడుకు చిన్నా పెళ్లికి చీర పెట్టినవాళ్లు, కిటికీ సందులోంచి చూసి పక్కకు జరిగేవాళ్లు. కొనకపోతే బాధలేదు. కార్తీకంలో కొనకపోవడం ఆమెకు కొత్త కాదు. తలుపు వేయడం కొత్త. ఇంటికొచ్చి ఎవరితోనూ చెప్పేది కాదు, కానీ అన్నం సగంలో వదిలేసి లేచేది.

మొదటి సోమవారం విజయభాస్కర్ నిజంగానే విస్తుపోయాడు. "సోమవారం కూడానా నాగులమ్మా! పాపం కాదూ!"

"నేనూ ఉపవాసమే సారూ."

"చేపలు మోస్తూ ఉపవాసమా?" అని నవ్వాడు.

"మోసేది నెత్తి, తినేది నోరు. దేవుడు రెంటినీ వేరువేరుగానే పెట్టినాడు. మీరు పొద్దున ఏమన్నా తిన్నారా?"

"ఏదో... ఫలహారం."

"నేను నీళ్లు కూడా తాగలేదు," అని కేక ఎత్తుకుంది. ఎండిపోయిన గొంతుతో ఆరోజు ఆమె వేసిన కేక మామూలు రోజులకన్నా పెద్దదని వీధిలో కొందరు తర్వాత చెప్పుకున్నారు.

నెల సగమయ్యాక, ఒక పొద్దున ఆమె ఇంకా ఆర్చీ దగ్గర ఉండగానే ఒక స్కూటరు ఆమెను దాటుకుని వీధిలోకి వెళ్లింది. వెనకాల తెల్ల డబ్బా కట్టి ఉంది. మూడో ఇంటి ముందు ఆగి హారన్ కొట్టింది. ఆ ఇంటామె వచ్చి, మూత తీసి, ఐసు ముక్కల మధ్య ఉన్న వంజరం ముక్కలు చూసుకుని లోపలికి తీసుకుపోయింది. విజయభాస్కర్ కుర్చీలోంచి కదల్లేదు.

"సారూ, అందులో ఉండేదేంది? తులసాకులా?"

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "అది ప్యాకింగమ్మా. వాసన రాదు, కనబడదు. కేక ఉండదు. దానివల్ల ఎవరికీ..."

"అయితే మీ తీర్మానం చేప మీద కాదు. నామీద."

నాగులమ్మకు ఒళ్లంతా మండింది, ఆ మంటలోనే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ తన చేతి చేపను మెచ్చుకున్న వీధికి తన చెయ్యి కనబడకుండా ఉంటే చాలన్నమాట. కళ్లు తుడుచుకునేదానికి చేతులు ఖాళీ లేవు. అలాగే నడిచింది.

అదే వారం, శనివారం సాయంత్రం, గంగాభవాని ఇంటి వెనక ఒక గుడ్డసంచి ఉతుకుతూ కనబడింది. సంచికి పొలుసులు అంటుకుని మెరుస్తున్నాయి. నాగులమ్మ ఏమీ అడక్కుండా పక్కన కూర్చుంది. కోడలే తలెత్తకుండా చెప్పింది.

"ఫోన్ చేసినారు అత్తా. మాగ చేప కావాలన్నారు. వెనక సందులో ఇచ్చి వచ్చినా."

"ఎవరికి?"

"విజయభాస్కర్ సార్ వాళ్లకు. ఆయనే గేటు తీసి తీసుకున్నాడు."

అటుగా వస్తూ విన్న నరసయ్య పగలబడి నవ్వాడు. "దొరికినాడే! రేపు ఆర్చీ కాడ నిలబెట్టి కడిగెయ్ మే!"

నాగులమ్మ నవ్వలేదు. "ఆయన్ను కడిగితే సందులో నిలబడింది ఎవరో కూడా చెప్పాల. నా నోటితో నా కోడల్ని సందులో నిలబెట్టను," అంది. తర్వాత కోడలి వైపు తిరిగింది. కోపంగా అన్నా బాగుండేది, నెమ్మదిగా అంది. "నీకు నేను వీధి ఇద్దామనుకున్నా భవానీ. నువ్వు సందు తీసుకున్నావు."

గంగాభవాని ఆ రాత్రి అన్నం తినలేదు. ఆరోజు ఏ తిథీ కాదు, ఏ వ్రతమూ లేదు.

పోలి పాడ్యమి వచ్చింది. కార్తీకం ముగిసిన మర్నాడు తెల్లవారుజామున ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు వెలిగించి నీళ్లలో వదిలే పండగ. అత్తాకోడళ్లిద్దరూ చీకటితోనే లేచి పాలెం పక్కన ఉప్పుటేరులో దీపాలు వదిలారు. నాగులమ్మ ఒడ్డుకు వెళ్లి, నరసయ్యకు పడినవి చాలక వేలంపాటలో మరికొన్ని చేపలు తీసుకుని గంప నింపుకుంటే, గంగాభవాని పిలవకుండానే వచ్చి ఆటోలో పక్కన కూర్చుంది.

వీధిలో చివరింటి ముందు షామియానా వేశారు. కాలువ దాకా వెళ్లలేని వాళ్లు పెద్ద ఇత్తడి గంగాళంలో దీపాలు వదిలారు. వీధి ఆడవాళ్లంతా చాపలమీద కూర్చుంటే, మధ్యలో వెంకటశేషమ్మ గారు ప్రతి ఏడూ చెప్పే కథే చెబుతోంది. అత్త తనను వదిలేసి మిగిలిన కోడళ్లతో ఏటికి పోతే, చిన్న కోడలు ఇంట్లోనే కవ్వానికి అంటిన వెన్నతో దీపం వెలిగించి, అత్తకు కనబడకుండా దానిమీద గంప బోర్లించిందట. ఆ కోడలి కోసమే స్వర్గం నుంచి విమానం వచ్చిందట. కథ విమానం దగ్గరికి వచ్చేసరికి వీధి మొదట్లో నాగులమ్మ కేక లేచింది.

విజయభాస్కర్ చేతిలో కొత్త తువ్వాలు పట్టుకుని పరుగున ఎదురొచ్చాడు. "ఈ ఒక్కరోజుకూ నా మాట విను తల్లీ. పెద్దావిడ కథ చెప్తుంది. కనీసం కప్పుకుని పో," అని దూరం నుంచే తువ్వాలును గంప మీదికి విసిరాడు.

నాగులమ్మ షామియానా ముందుదాకా వెళ్లి, మోకాళ్లమీద మెల్లగా వంగి, గంప నేలమీదికి దించింది. తువ్వాలు తీసి, మడిచి, పక్క అరుగుమీద పెట్టింది. చాపలమీద వాళ్లు ముక్కులకు చెంగులు అడ్డం పెట్టుకున్నారు.

"అమ్మల్లారా, ఆ కోడలు దీపంమీద గంప బోర్లించింది అత్త కొడతాదని. నేనీ వీధిలో ఎవరి కోడల్ని, దాచుకునేదానికి?" అంది. "మీరు కొనబాకండి. ఈ నెల కొనమని నేను ఏనాడూ అడగలా. తలుపులు ఎందుకు వేసినారో చెప్పండి చాలు."

ఒకరిద్దరు చాప అంచులు సర్దుకున్నారు. విజయభాస్కర్, "సరేలేమ్మా, ఇంక గంప ఎత్తుకుని బయల్దేరు," అన్నాడు.

"ఎత్తండి, పోతా."

నిండు గంప దించడానికి ఒక మనిషి చాలు. నెత్తికెత్తాలంటే ఇంకో మనిషి చెయ్యి వేయాలి. కొన్న ఇంటివాళ్లే ఇన్నాళ్లూ ఆ చెయ్యి వేసేవాళ్లు. గంగాభవాని చప్పున వంగి గంప అంచు పట్టుకుంది. నాగులమ్మ ఆమె చెయ్యి తీసేసింది.

"నువ్వు కాదు. నువ్వు నా మనిషివి. వీధి మనిషి ఎత్తాల. ఎత్తిందాకా ఇక్కడే కూర్చుంటా." నిజంగానే గంప పక్కన కూర్చుంది.

అందరూ తలంటుకుని, మడి చీరలు కట్టుకున్న వాళ్లు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చేపలు ఎండకు వాసన పట్టడం మొదలైంది. విజయభాస్కర్‌కు చెమటలు పోశాయి. "ఏమిటీ రభస! పెద్దావిడ నెల్లాళ్ల నిష్ఠంతా మంటగలిపేదాకా ఊరుకోవా? ఆవిడ కోసమే గదా మేం చేపను వీధిలోకి రానీకుండా..."

"వచ్చింది సార్," అంది గంగాభవాని. అత్త పక్క నుంచి ముందుకొచ్చింది. "నేనే తెచ్చినా. శనివారం సాయంత్రం, మాగ చేప, మీ వెనక గేటు కాడ. మీరే సంచి అందుకున్నారు. మా అత్తకు చెప్పకుండా వచ్చినా. తప్పు చేసినా. మళ్లీ సందులోకి రాను."

చాపలమీద ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. విజయభాస్కర్ ఆ తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకున్నాడు.

వెంకటశేషమ్మ గారు లేచి నిలబడింది. మోకాలి నొప్పి ఆమెకూ ఉంది, లేవడానికి కాసేపు పట్టింది. "విజయభాస్కరా, నీ గేటు సంగతి నాకొద్దు. నా పేరు చెప్పి దీన్ని ఆపమని ఎవరన్నారు?"

"అది కాదు పెద్దమ్మా, మీ వ్రతం..."

"నా ఉపవాసం నా నోటికి. దాని నోటికి తాళం వెయ్యమని నేనెవరినీ అడగలా. నాకు ఈ నెల చేప వాసన పడదు, నిజమే. కిటికీ ఉండాది, మూసుకుంటా. నా నిష్ఠ ఒక గంపకు చెడిపోయేదే అయితే అదేం నిష్ఠ?"

మడి చీర చెంగు నడుముకు దోపుకుని ఆమె గంప దగ్గరికి వచ్చింది. వెనక నుంచి ఎవరో ‘అమ్మా, మళ్లీ స్నానం చేయాల్సొస్తుంది’ అన్నారు.

"చేస్తాను. నీళ్లకు కరువా?" అని వంగి, రెండు చేతులతో తడి అంచు పట్టుకుంది. నాగులమ్మ లేచి రెండో వైపు పట్టింది. ఇద్దరు పెద్దవాళ్ల మధ్య గంప కొంచెం లేచి ఆగింది.

"ఎవరి నెత్తికి?" అంది వెంకటశేషమ్మ గారు, బరువుకు రొప్పుతూ.

నాగులమ్మ ఒక్క క్షణం కోడలి మొహం చూసింది. ఒంటి చేత్తో తన తలమీది చుట్టకుదురు తీసి గంగాభవాని తలమీద పెట్టింది. "దీని నెత్తికి పెద్దమ్మా. ఇంక ఇదే వస్తాది."

మొదటి కేక గంగాభవాని గొంతులోనే ఉండిపోయింది. రెండోది ఆర్చీ దాకా వినబడింది. అత్త అంత గొంతు కాదు, అయినా చాలు. ఆరోజు ఆ వీధిలో ఎవరూ చేప కొనలేదు. తలుపు మాత్రం ఎవరూ వేయలేదు. వెంకటశేషమ్మ గారు పెరట్లో పంపు కింద కూర్చుని తలమీద నీళ్లు గుమ్మరించుకుంటుంటే ఆ చప్పుడు వీధిలోకి వినబడింది.

ఈ ఏడు మళ్లీ కార్తీకం వచ్చింది. విజయభాస్కర్ కుర్చీ ఆర్చీ కిందే ఉంది, తీర్మానమూ అలాగే ఉంది. దాన్ని ఇంతవరకూ ఎవరూ రద్దు చేయలేదు. గంగాభవాని గంపమీద మూత కూడా ఇంతవరకూ ఎవరూ చూడలేదు.